హెడ్‌ఫోనులు కొనబోవు సోదరీమణులకు

గడచిన వేసవిలో నా మేనకోడలు మా యింటికి వచ్చినపుడు నన్నొక ప్రశ్న యడిగినది. ఆమె హైదరాబాదులో నుద్యోగము చేయుచు, వసతిగృహమున నింకొక యువతితో కలిసి యొకే గదిలో నుండును. నెలకొకసారి రైలులో విశాఖపట్టణము పోయి తల్లిదండ్రులను చూచి వచ్చును. కార్యాలయపు పనిమీద నప్పుడప్పుడు విమానమెక్కును. రాత్రులందు కళాశాలనాటి స్నేహితురాండ్రతో కంప్యూటరుమీద నొక ఆట యాడును. ఇట్టి యాటలు మగపిల్లల సొత్తని తలచువారింకను గలరు గాని, ఆ మాట యెన్నడో పాతబడినది.

"అత్తయ్యా, ప్రయాణమునకును ఆటకును పనికివచ్చునట్లు ఒక్కటే హెడ్‌ఫోను కొనవలెనని యున్నది. ఆటలో నారితేరినవారు వెనుకభాగము తెరచియుండు ఓపెన్‌బాక్ జాతి మేలనుచున్నారు. దుకాణదారుడేమో బయటి సందడిని హరించు నాయిస్ కాన్సెలింగ్ జాతి మేలనుచున్నాడు. ఏది కొనుమందురు?" అని యడిగినది. ధర యెంత యని నేనడుగలేదు. "నీ గదిలోని పిల్ల నిద్ర గట్టిదా?" అని యడిగితిని. ఆమె నవ్వినది గాని, సమాధానములో సగము ఆ ప్రశ్నలోనే యున్నది.

మొదట రెంటి నిర్మాణమును తెలిసికొందము. చెవిని కప్పెడి గిన్నెలో నొక పలుచని పొర యుండును. విద్యుత్తు వలన ఆ పొర కదలి గాలిని ముందునకును వెనుకకును నెట్టును. ముందునకు వచ్చిన శబ్దము చెవిని చేరును. వెనుకకు పోయిన శబ్దము నేమి చేయవలెననుటలోనే భేదమంతయు నున్నది. గిన్నె వెనుకభాగమును మూసివేసినచో ఆ శబ్దము లోపలనే చిక్కుకొనును. బయటి సందడి కొంత యాగును, మన పాట పొరుగువారికి వినబడదు. వెనుకభాగమున జల్లెడవలె రంధ్రములు విడిచినచో శబ్దము అడ్డులేక వెలుపలికి పోవును. కడవలో మూతి పెట్టి మాటలాడినపుడు గొంతెట్లుండునో, వాకిట నిలిచి మాటలాడినపుడెట్లుండునో మనకు తెలిసినదే గదా. తెరపిగల దానిలో వీణ యొకచోటను, మృదంగ మొకచోటను, పాడు నామె యింకొకచోటను ఉన్నట్లు విడివిడిగా తోచును. తలలోపల గాక తల చుట్టును కచేరీ జరుగుచున్నట్లుండును. ఈ జాతిలో మొదటిదానిని 1968లో జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థవారు ఎచ్.డి. 414 అను పేర విక్రయించిరి. పసుపుపచ్చని స్పాంజి మెత్తలు దాని గుర్తు.

శబ్దమును శబ్దముతోనే యణచవచ్చునను తలంపు అంతకంటెను పాతది. పాల్ లూగ్ అను జర్మను శాస్త్రజ్ఞునకు 1936లోనే అమెరికాలో దానిపై పేటెంటు లభించినది. అయినను అది ప్రయాణికుల చెవిని చేరుటకు చాలకాలము పట్టెను. మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడైన అమర్ బోస్, బెంగాలునుండి అమెరికా చేరిన యొక దేశభక్తుని కుమారుడు. 1978లో ఆయన జ్యూరిక్ నుండి బోస్టనుకు విమానములో పోవుచు, అక్కడ నిచ్చిన హెడ్‌ఫోను పెట్టుకొనగా ఇంజను హోరులో పాట మునిగిపోయినది. ఆయన ఆ ప్రయాణములోనే కాగితము తీసి లెక్కలు వేయ నారంభించెను. 1986లో డిక్ రూటన్, జీనా యేగర్ అను నామె, ఇరువురును వాయెజర్ విమానముపై ఎక్కడను దిగక తొమ్మిది దినములు ప్రయాణించి భూమిని చుట్టివచ్చినపుడు వారి చెవులను కాపాడినవి ఆయన సంస్థ చేసిన నమూనాలే. 1989లో వైమానికులకును, 2000లో సామాన్య ప్రయాణికులకును ఆ వస్తువు విపణిలో లభించినది.

అది పనిచేయు తీరు వింతయే గాని కష్టమైనది కాదు. గిన్నెకమర్చిన చిన్న మైక్రోఫోనులు బయటి హోరును వినును. లోని యంత్రము ఆ అల కెదురైన అలను పుట్టించును. ఒకటి పైకి లేచునపుడు రెండవది క్రిందికి దిగును. రెండును కలిసి చదునగును. అయితే హోరు ఎడతెగక, బొంగురుగా, ఒకే తీరున సాగినప్పుడే యీ ఉపాయము బాగుగ పారును. విమానపు ఇంజను, రైలు పెట్టెలోని చల్లగాలి యంత్రము, ఫ్యాను, ఇవి దానికి లొంగును. చంటిబిడ్డ యేడుపు, పళ్లెము క్రిందపడిన చప్పుడు, ప్లాట్‌ఫారముమీద టీ అమ్మువాని కేక అట్లు లొంగవు. అవి కీచుగా నుండి క్షణక్షణమునకు మారును. వానిని కొంతవరకు తగ్గించునది మెత్తల బిగువు మాత్రమే. కావున ప్రకటనలలోని సంపూర్ణ నిశ్శబ్దమను మాటను నమ్మి కొనినవారు మొదటి దినముననే నిరాశ పడుదురు. మరికొందరికి ఆ యంత్రము పనిచేయునంతసేపు తిరుమల ఘాటురోడ్డు నెక్కునపుడు చెవులు దిమ్మెక్కినట్లుండును. అట్టివారు కొనుటకు ముందే పెట్టుకొని చూడవలెను.

ఇదియంతయు విలాసమని కొట్టివేయువారున్నారు. నేనట్లు తలపను. విమానము లోపలి హోరు సుమారు 80 మొదలు 85 డెసిబెళ్లుండును. దానిపై పాట వినబడవలెననిన పాటను ఇంకను హెచ్చింపవలసినదే. పెద్దవారు వారమునకు 80 డెసిబెళ్ల యొద్ద 40 గంటలు వినవచ్చునని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. 90 డెసిబెళ్ల యొద్ద ఆ పరిమితి 4 గంటలకు దిగును. పిల్లల విషయమున 40 గంటలకు 75 డెసిబెళ్లే మేర. లోచెవిలో వెండ్రుకలవంటి కొసలుగల కణములు కలవు. అవి చచ్చినచో మరల మొలవవు. అవి చచ్చునపుడు నొప్పియు నుండదు. ఏండ్లు గడచిన పిమ్మట పెండ్లిపందిట్లో నలుగురి నడుమ ఎదుటివారి మాట తెలియక "ఆఁ?" అని యడుగవలసి వచ్చినపుడు గాని సంగతి బయటపడదు. హోరు తగ్గినచో పాటను తక్కువలోనే వినవచ్చును. ఈ వస్తువువలన గలుగు నిజమైన లాభమిదే.

కుమార్తెకు పురుడు పోయుటకై అమెరికా పోవు తల్లులు మనలో నెందరో కలరు. శంషాబాదులో విమానమెక్కి, నడుమ నింకొక విమానము మారి, ఇల్లు చేరుసరికి ఇరువది గంటలు దాటును. వారికి నేను చెప్పునదొక్కటే. పాట యేదియు పెట్టకున్నను మూతగల నాయిస్ కాన్సెలింగ్ హెడ్‌ఫోనును చెవులకు తగిలించుకొని కూర్చుండుడు. దిగునపుడు తల బరువు కొంత తగ్గియుండును. ఓపెన్‌బాక్ జాతిది విమానమున నిరర్థకము. బయటి హోరంతయు లోనికి వచ్చును, మన పాట ప్రక్కవారి కంటగింపగును. సామానులో దానితోపాటు తీగెను గూడ వేసికొనుడు. బ్యాటరీ అయిపోయినను తీగెతో పాడునవి చాల కలవు. కొన్ని విమానములలో కుర్చీయొద్ద రెండు రంధ్రములు గల పాత అమరిక యుండును, దానికి వేరుగ నొక చిన్న ముక్క కావలెను. మడతపడునది సంచిలో నిముడును. సోనీ వారి 2020 నాటి ఎక్స్.ఎం. 4 మడతపడును, 2022 నాటి ఎక్స్.ఎం. 5 మడతపడదు, 2025 నాటి ఎక్స్.ఎం. 6 మరల మడతపడును. కొత్తది ప్రతి విషయమునను మెరుగని యెంచరాదు.

రైలు సంగతి కొంచెము వేరు. ఒంటరిగా పోవు స్త్రీ రాత్రివేళ చెవులు రెండును మూసికొని నిద్రించుట నాకు సమ్మతము కాదు. దిగవలసిన స్టేషను పేరు, టికెట్టు పరీక్షకుని పిలుపు, ప్రక్కన సామాను కదలిన చప్పుడు వినబడవలెను. బయటి శబ్దమును లోనికి రానిచ్చు ఏర్పాటు ఈ హెడ్‌ఫోనులలో సాధారణముగ నుండును. కొనుటకు ముందు ఆ మీట ఎక్కడనున్నదో, చీకటిలో చేతికి తగులునో లేదో చూచుకొనుడు. రాజమహేంద్రవరము వంతెనమీదికి రైలు వచ్చినపుడు మాత్రము నేను దానిని పూర్తిగ తీసివేయుదును. ఆ మ్రోతను హరించుకొనుటకు నాకు మనసొప్పదు.

ఇక ఆట. శత్రువు అడుగుల చప్పుడు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలిసికొనుటలో ఆటగాండ్ర ప్రాణమున్నది. తెరపిగలది శబ్దమును విశాలముగ పరచుటచే వారు దానిని మెచ్చుకొందురు. వేరొక సుఖమును గలదు. అందులో మన గొంతు మనకు సహజముగ వినబడును గాన, తోడివారితో మాటలాడునపుడు అరవము. చెవులు మూసికొనినవారు తమకు తెలియకయే గొంతు హెచ్చింతురు. అర్ధరాత్రివేళ ఇల్లంతయు మేలుకొనుటకు కారణము తరచుగా నిదియే. అయితే ఇట్టివానిలో పెక్కింటికి మైక్రోఫోనుండదు, వేరుగ కొనవలెను. 300 ఓముల నిరోధముగల ఎచ్.డి. 600 వంటివానిని నేరుగ ఫోనుకు తగిలించినచో గొంతు పెగలదు.

మూతగలదానితోను ఆట చక్కగ సాగును, తీగె విడువకున్న చాలును. తీగెలేని బ్లూటూతులో శబ్దము సెకనులో పదవవంతు మొదలు ఐదవవంతు వరకు ఆలస్యముగ వచ్చుట సామాన్యము. పాటకు దానివలన హాని లేదు. ఆటలోనో, బాణము తగిలిన పిమ్మట నారిధ్వని వినబడినట్లుండును. అదిగాక కంప్యూటరుతో బ్లూటూతు మీద మాటలాడుటకు దాని మైక్రోఫోనును తెరచినంతనే శబ్దమంతయు పాత టెలిఫోనులో విన్నట్లు సన్నబడుట కలదు. తీగెయో, ఆటలకై చేసిన రేడియో ముక్కయో వాడినచో ఈ బాధలు తప్పును.

నా మేనకోడలు ఒక స్నేహితురాలి ఓపెన్‌బాక్ హెడ్‌ఫోనును వారముదినములకు ఎరువు తెచ్చికొని చూచినది. రెండవ రాత్రికే గదిలోని పిల్ల, "నీ యాటలో ఎవరు ఎవరిని కాల్చిరో నాకును తెలిసినది, ఇక నిద్రపోనిమ్ము" అన్నదట. ఓపెన్‌బాక్ సొగసు నిశ్శబ్దమైన గదిలోనే తెలియును. అట్టి గది తనకంటూ గలవారు మన యాడవారిలో నెందరు? కుక్కరు కూతయు, వీధిలో బండివాని కేకయు, నెత్తిమీద ఫ్యానును ఉన్నచోట ఆ సున్నితమంతయు గాలిలో కలిసిపోవును. బిడ్డ మేలుకొని పిలిచినచో వినబడవలెనని కోరు తల్లికి మాత్రము తెరపిగలదే తగును. ఆమె పగటిపూట ఒక గంట ఆడుకొనినను, పాట వినినను, ఇంటితో తెగతెంపులు చేసికొనవలసిన పని లేదు.

పురుషులు వ్రాయు సమీక్షలలో కనబడని మాటలు కొన్ని కలవు. జూకాలు, పెద్ద దుద్దులు పెట్టుకొని మూతగలది ధరించినచో అరగంటలో తమ్మెలు నొచ్చును. మెత్తకును చెంపకును నడుమ సందు ఏర్పడి హోరు లోనికి చొరబడును. కండ్లజోడు కాడలును ఇట్లే చేయును. కొప్పునకును పూలకును పైపట్టీ అడ్డగును, జడవారికి చిక్కు లేదు. తలకు నూనె రాచికొని వెంటనే పెట్టుకొన్నచో తోలువంటి మెత్తలు పొరలుపొరలుగ లేచిపోవును. మే నెలలో విజయవాడ యెండకు మూతగలదానిలో చెవులు చెమటతో నానును. మఖమలు మెత్తలుగల ఓపెన్‌బాక్ చల్లగ నుండును. మెత్తలు విడిగ దొరకునో లేదో దుకాణములోనే యడుగుడు.

దుకాణములో చేయు పరీక్షయు కొంత మోసపుచ్చును. అక్కడి రొదలో ఓపెన్‌బాక్ వెలవెలబోవును, నాయిస్ కాన్సెలింగ్ అద్భుతమనిపించును. మీరు దేనిని ఏ చోట వాడుదురో ఆ చోటును తలచుకొని వినుడు. తిరిగి యిచ్చు గడువున్నచో ఇంటికి తెచ్చి రెండు రాత్రులు చూచుట మేలు.

నా మేనకోడలు చివరకు మూతగల నాయిస్ కాన్సెలింగ్ దానినే, వెనుకటి సంవత్సరపు నమూనా గనుక తక్కువ వెలకు దొరకగా, కొనినది. ఆటవేళ తీగె తగిలించి, బల్లమీద నొక చిన్న మైక్రోఫోను పెట్టుకొనును. మిగిలిన సొమ్ముతో మఖమలు మెత్తల జత యొకటి తెప్పించినది గాని, అవి పెట్టినంతనే గాలి చొరబడి హోరు వినబడుచున్నదని నెలలోపుననే తీసివేసి, ప్రయాణమునకు పాత మెత్తలనే మరల తొడిగినది.