పొమరేనియన్ కుక్కపిల్ల: పోషణ, జాగ్రత్తలు

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో చదువునకో, ఉద్యోగమునకో ఉంటున్న పిల్లలు పండుగకు వచ్చునపుడు తెల్లని బొచ్చు కుక్కపిల్ల నొకదానిని వెంట తెచ్చుట ఇప్పుడు మన పల్లెలలో అరుదు కాదు. సెలవులు ముగియగానే వారు బస్సెక్కుదురు. హాస్టలు గదిలో చోటులేని ఆ పిల్ల మీ ఇంటనే మిగిలిపోవును. కనుక దాని సంగతి రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

పొమరేనియన్ అని అమ్ముడగు పిల్లలలో చాలవరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. బాల్టిక్ సముద్రతీరమున గల పొమరేనియా సీమ పేరుగల అసలు జాతి ఎదిగిన పిదప 2, 3 కిలోలు మాత్రమే తూగును. స్పిట్జ్‌లో చిన్నరకము 5 నుండి 7 కిలోలు, పెద్దరకము 12 కిలోలకు పైగా ఉండును. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' హిందీ చిత్రములోని టఫీ స్పిట్జే. మన ఎండలకు స్పిట్జే మేలు. పేరు చూచి అధిక ధర ఈయవలదు. రెండును చురుకైనవి, యజమానిని విడువనివి. చీమ చిటుక్కుమన్నను మొరుగును. అంతమాత్రమున వానిని పొలము కావలికి పెట్టరాదు.

8 వారములు నిండని పిల్లను అమ్మరాదని 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణముల నియమములు చెప్పుచున్నవి. ముద్దుగా ఉన్నదని నెలపిల్లను తెచ్చినచో పార్వో వ్యాధికి లోనగు ప్రమాదము కలదు. వాంతులు, దుర్వాసనతో నెత్తురు విరేచనములు కనిపించినచో తెల్లవారువరకు ఆగక పశువైద్యునికి చూపవలెను. 6-8 వారముల వయసున మొదటి టీకా వేయించి, 16 వారములు నిండువరకు 3, 4 వారముల కొకసారి మరల వేయించవలెను. నట్టల మందు పశువైద్యుడు చెప్పిన తేదీలకు తప్పక త్రాగించవలెను.

ఇంట పాడి ఉన్నదని గిన్నెడు పాలు పోయుట మన అలవాటు. పిల్లకు అది విరేచనములు తెచ్చును. మెత్తని అన్నములో ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసము కలిపి రోజునకు 3, 4 సార్లు కొద్దికొద్దిగా పెట్టవలెను. ఇంత చిన్న పిల్ల ఎక్కువసేపు పస్తున్నచో సొమ్మసిల్లును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషము. మన కూరలలో ఉల్లి లేనిదేది? కావున కూర కలిపిన ముద్ద పెట్టవలదు.

పంజాగుట్టలో మా బంధువులు వేసవి వచ్చినదని తమ కుక్కకు బొచ్చంతయు గొరిగించిరి. చల్లబడునని వారి తలంపు. రెండు పొరల ఆ బొచ్చు ఎండ నుండి కూడ కాపాడును. గొరిగినచో చర్మము కాలును, బొచ్చు తిరిగి సరిగా రాకపోవచ్చును. గొరుగుటకు బదులు రోజును దువ్వి, పిడుదులను ఏరివేసి, మధ్యాహ్నము నీడన నీరు అందుబాటులో ఉంచవలెను. మెడకు గొలుసు బిగించినచో దగ్గు వచ్చును, రొమ్ముపట్టీ మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది రేబిస్. వీధికుక్క కరచినచో పరుగెత్తు మనము, ఇంటి పిల్ల పంటిగాటును, గోటిగీతను లెక్కచేయము. గాటు చిన్నదైనను వ్యాధి చిన్నది కాదు. లక్షణములు కనిపించిన పిదప బ్రదుకుట దాదాపు లేదు. పసుపు, సున్నము, కారము పెట్టక, సబ్బుతో పారునీటిలో 15 నిమిషములు కడిగి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. చర్మములోనికి వేయు టీకాను మొదటిరోజున, పిదప 3, 7, 28వ రోజులలో వేయుదురు, ఒక్కటియు మానరాదు. నెత్తురు వచ్చిన గాయమునకు సీరమ్ కూడ అడుగవలెను.

కుక్కకు 3 నెలల వయసున రేబిస్ టీకా వేయించి, ఏటేటా మరల వేయించవలెను. 1885 జూలై 6న పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి ఈ టీకా వేయించెను. ఆ దినమున పశువైద్యశాలలలో ఉచితముగా టీకాలు వేయుట పరిపాటి. గ్రామోద్యోగులు ముందురోజే దండోరా వేయించి, పెంపుడు కుక్కల జాబితా వ్రాసియుంచినచో ఊరిలోని కుక్కలన్నిటికీ ఆ ఒక్కపూటలో టీకా వేయించవచ్చును.