వార్తల్లో పదం: మాలీ

రాయి చేతికందగానే భూవిజ్ఞాని మొదట తీసేది జేబులోని భూతద్దం. ఆ అలవాటుకు యంత్రరూపమే నాసా క్యూరియాసిటీ రోవర్ చేతి చివరనున్న ‘మాలీ’ కెమెరా. 2012 ఆగస్టులో అంగారకుడి గేల్ బిలంలో దిగిన ఈ రోవర్, రాయికి 2.1 సెంటీమీటర్ల దగ్గరకు దాన్ని చేర్చితే ఫొటోలో ఒక్కో పిక్సెల్ సుమారు 14 మైక్రాన్లే. సన్నని ఇసుక రేణువులు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

రసాయన పరికరాలుండగా ఫొటోలెందుకని అడగొచ్చు. మూలకాల జాబితా రాయి దేనితో తయారైందో చెబుతుంది, ఎలా తయారైందో చెప్పదు. గాలి మోసిన ఇసుకకూ ఏరు దొర్లించిన గులకలకూ రసాయనం ఒకటే కావచ్చు. రేణువుల పరిమాణం, నునుపు, పొరల అమరిక మాత్రం వేరు. కన్నొక్కటే చాలదన్న అభ్యంతరం న్యాయమైనదే. 2004లో ఆపర్చునిటీ రోవర్ కెమెరాలకు అంగారకుడిపైనే ఉన్న మెరిడియాని మైదానంలో చిన్న చిన్న గుండ్రటి గోళీలు కనిపించాయి. అవి అగ్నిపర్వతం చిమ్మిన బిందువులో, ఉల్క తాకిడికి కరిగి గడ్డకట్టిన చుక్కలో కూడా కావచ్చు. వాటిలో హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉందని తేల్చింది వర్ణపటమాపకమే. కానీ అవి ఏదో ఒక్క పొరలో పేరుకోకుండా రాయంతటా చెదిరి ఉన్నాయని, చుట్టూ ఉన్న పొరలను వంచలేదని చూపినవి ఫొటోలు. భూగర్భజలం రాతిలోకి ఊరి, అక్కడే వాటిని పెంచిందన్న నిర్ణయానికి ఆ అమరికే గట్టి ఆధారమైంది.