నది ఒడ్డున తాగనివారి బల్ల



2019 వేసవిలో మేము దంపతులం అమెరికాలో న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నాము. జూన్ 29, శనివారం నాడు మా అల్లుడు, "అత్తయ్యా, నది ఒడ్డున ఆరుబయట సంగీత కచేరీ ఉంది, మామయ్యగారూ మీరూ రండి" అన్నాడు. గుడి పాటలు తప్ప వేరే పాటలకు వెళ్ళే అలవాటు మాకు లేదు. అయినా పిల్లల మాట కాదనలేక బయలుదేరాము.

ఆ ఊరు కామ్డెన్. డెలావేర్ నదికి ఇవతలి ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డున ఫిలడెల్ఫియా నగరం, రెంటినీ కలుపుతూ 1926లో తెరిచిన పెద్ద వంతెన. వేదికకూ ముందు వరుసలకూ పైకప్పు ఉంది. వెనుక ఏటవాలు పచ్చిక మీద వేలమంది దుప్పట్లు పరచుకొని కూర్చున్నారు. పాడేవారు ఫిష్ అనే నలుగురి బృందం. 1983లో వెర్మాంట్ రాష్ట్రంలో మొదలైందట. వీరిని జామ్ బ్యాండ్ అంటారు. పాట మొదలుపెట్టి, ఒకరి వాయిద్యం ఒకరు వింటూ, అప్పటికప్పుడు కల్పించుకుంటూ పదిహేను, ఇరవై నిమిషాలు సాగదీసి, మళ్ళీ మొదటి పల్లవికి వస్తారు. నది గాలికి హాయిగానే ఉంది. శబ్దం ఎక్కువని అమ్మాయి ఇచ్చిన స్పాంజి బిరడాలు చెవుల్లో పెట్టుకున్నాము. ఎండకు మాటిమాటికీ నీళ్ళు తాగాము. అయితే ఎటు చూసినా బీరు గ్లాసులే. ఇక్కడికి ఎందుకు వచ్చామా అనుకున్నాము.

మధ్యలో విరామం ఇచ్చారు. నీళ్ళ కోసం వెళ్తుంటే ఒక బల్ల దగ్గర కొందరు గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ ఒకటి రెండు మాటలు చెబుతున్నారు, మిగతావారు చప్పట్లు కొడుతున్నారు. సంగతేమిటని అల్లుణ్ణి అడిగాము. "వీళ్ళంతా తాగుడు, మత్తుమందులు మానేసినవాళ్ళు అత్తయ్యా. ఇంతమంది తాగేవాళ్ళ మధ్య ఒంటరిగా ఉంటే మళ్ళీ పడిపోతామని ప్రతి కచేరీలో ఇలా కలుసుకుంటారు" అన్నాడు. ఆ గుంపు పేరు ఫెలోషిప్. మన సంఘాల్లో రోజూ వాడే మాటే!

ఈ పద్ధతి అంతకుముందే ఉంది. 1980ల మొదట్లో ఎదుటి ఒడ్డున ఫిలడెల్ఫియాలోనే, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం కచేరీలో, మత్తు మానినవారు ఒకరినొకరు గుర్తుపట్టడానికి పసుపు బుడగలు పట్టుకున్నారట. వారికి వార్ఫ్ ర్యాట్స్ అని పేరు. ఆ పసుపు బుడగే తర్వాత వారి గుర్తు అయింది.

ఆ బల్ల దగ్గర నిలబడినప్పుడు మాకు మా మగవారి వార్డులోని ఒక సోదరుడు గుర్తుకు వచ్చాడు. తాగుడు మాని, కండ పట్టి, నవ్వుతూ ఇంటికి వెళ్ళాడు. రెండు నెలలకు బంధువుల పెళ్ళిలో "ఒక్క గ్లాసుకు ఏమవుతుందిరా" అన్నారు. వారం తిరగకుండా రక్తం కక్కుకుంటూ వచ్చాడు. మాకు దక్కలేదు. ఇంటికి పంపేటప్పుడు మేము మందుల చీటీ ఇచ్చాము. తోడుగా ఒక మనిషిని ఇవ్వలేదు. ఆ లోటు మాది.

అందుకే కుటుంబాలకు మా మనవి:

రోజూ తాగేవారిని ఇంట్లో ఒక్కసారిగా మాన్పించవద్దు. వణుకు, చెమటలు, నిద్రలేమి వస్తాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల్లో మతి తప్పి, లేనివి ఉన్నట్టు కనిపించవచ్చు. ఇది ప్రాణాపాయం. ఆసుపత్రిలో చేర్చి మాన్పించండి. అక్కడ తగిన మందులూ, బి1 విటమిను ఇంజెక్షన్లూ ఇస్తారు.

మానినవారిని పెళ్ళికీ పండుగకూ ఒంటరిగా పంపవద్దు. తాగని మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఒక్క గ్లాసే అని ఎవరూ బలవంతపెట్టకూడదు.

ఒకసారి తప్పి తాగితే తిట్టి తరమవద్దు. మళ్ళీ తీసుకురండి.

తాగుబోతుల గుంపులోనే ఒక చిన్న బల్ల వేసి ఒకరినొకరు నిలబెట్టుకున్నారు వాళ్ళు. మన గుడిలో, మన విందులో అలాంటి బల్ల ఒకటి వేయలేమా? తాగుడు మాని ఇంటికి వెళ్ళే ప్రతి సోదరుని చేతికి, మందుల చీటీతో పాటు, తోడుండే ఒకరి పేరు కూడా ఇవ్వాలని మేము తీర్మానించుకున్నాము. ఆ పేరు మీది కావాలని మా ప్రార్థన.