ఇల్లు సముద్రంలో.. పండగ కొండ మీద!

‘కనుమ నాడు కాకైనా కదలదు’ అంటారు కదా, మా మామ్మ ఆ మాట దగ్గరే భీష్మించుకుని కూర్చుంది. చేసేదిలేక కాటేజీలకు ఒక రోజు అద్దె ఉత్తినే వదులుకుని, ముక్కనుమ నాడు చీకటితోనే ఉప్పాడ నుంచి బయల్దేరాం. రెండు టెంపో ట్రావెలర్లు, 27 మంది, రెండు డబ్బాల అరిసెలు, మామ్మ సంచిలో ఎండు రొయ్యల పొడి. పిఠాపురం, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి.

‘బీచ్ పక్కన ఊరు పెట్టుకుని సంక్రాంతికి అడవికి పోవడమేంటి బ్రో?’ అని హైదరాబాద్‌లో మా టీమ్ వాళ్లు అడిగారు. ఉప్పాడలో మేమందరం కలిసి పడుకోవడానికి ఒక ఇల్లు లేదు మరి. ఉండేది. నేను ఇంటర్‌లో ఉండగా సముద్రంలో కలిసిపోయింది.

సినిమాల్లోలా ఒక్క రాత్రిలో పోలేదది. ముందు కొబ్బరి చెట్లు పోయాయి. తర్వాత దొడ్డిగోడ. ఒక తుపానుకు వంటిల్లు. ప్రతిసారీ తాతయ్య మగ్గాన్ని ఒక గది వెనక్కి జరిపేవాడు. చివరికి జరపడానికి గది మిగల్లేదు. ఉప్పాడలో ఈ కథ మా ఒక్కరిదే కాదు. కాకినాడ రేవుకు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ గోడలా అడ్డం ఉంటుంది. ఆ గోడకు ఉత్తరాన, బయటి వైపు ఉన్నది మేం. అలలు నేరుగా మా మీదికే వస్తాయి. ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులు, జియోట్యూబ్ అంటారు, ఒడ్డు వెంట పరిచారు. బండరాళ్లూ పోశారు. తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు కోసుకుపోతూనే ఉంది.

2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ ఒడ్డున బంగారం దొరుకుతోందని టీవీల్లో వచ్చింది, గుర్తుందా? జనం ఇసుక జల్లెడ పడుతున్న వీడియో నాకు పదిమంది ఫార్వర్డ్ చేశారు, నవ్వే ఎమోజీలతో. మామ్మకు ఫోన్ చేసి ‘నువ్వు వెళ్లలేదా?’ అన్నాను జోక్‌గా. ‘ఎవరింటి పుస్తెలో అవి. నేనెందుకు ఏరతాను?’ అంది. ఆ తర్వాత ఆ జోక్ మళ్లీ వేయలేదు.

ఇల్లు పోయాక పండగలు కూడా ముక్కలైపోయాయి. ఒకరు కాకినాడ లాడ్జిలో, ఒకరు పిఠాపురంలో అత్తారింట్లో, ఇంకొకరు అసలు రారు. మామ్మ మాత్రం ఉప్పాడలోనే, లోపలి వీధిలో ఒక అద్దె గదిలో ఉంటుంది. అందుకే ఈసారి పెదనాన్న గ్రూపులో మెసేజ్ పెట్టారు, ‘ఎక్కడైనా సరే, రెండు రోజులు ఒకే చూరు కింద ఉందాం’ అని. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి బుకింగ్ నా నెత్తిన పడింది.

మారేడుమిల్లి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! ‘పుష్ప’ షూటింగ్ దగ్గర్నుంచీ రీల్స్ నిండా అదే. చుట్టూ చెట్లు, పొద్దున్నే మంచు, ఫోన్‌లో సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. జలతరంగిణి జలపాతం దగ్గర పిల్లలు తడిసి ముద్దయ్యారు. బొంగు చికెన్ కోసం బావలందరూ క్యూ కట్టారు. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. మామ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, ‘ఉప్పు తక్కువైంది’ అని రొయ్యల పొడి చల్లుకుంది.

రాత్రి చలిమంట దగ్గర నేను దాచుకున్నది బయటపెట్టాను. గూగుల్ ఎర్త్‌లో టైమ్ స్లైడర్ వెనక్కి జరిపితే పాత శాటిలైట్ ఫొటోలు వస్తాయి. వాటిలో మా ఇంటి పైకప్పు వెతికి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. అందరూ ఫోన్ మీదికి వంగారు. మేనత్త కళ్లు తుడుచుకుంది. మామ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, ‘ఇది మనిల్లు కాదురా, పక్కోళ్లది’ అంది.

అంతే, ఒక్కసారిగా గోల. మనదైతే నుయ్యి ఎక్కడుండాలి? అరుగు తూర్పా, దక్షిణమా? మామ్మ బొగ్గు ముక్క తీసుకుని కాటేజీ వరండాలో గీతలు గీసింది. ఇది నడవ, ఇది పెదనాన్న పుట్టిన గది, ఇది మగ్గం గుంట. జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పువ్వు రెండు వైపులా ఒకేలా కనబడాలి. 2009లో ఉప్పాడ జాందానీకి జీఐ గుర్తింపు వచ్చినప్పుడు తాతయ్య స్వీట్లు పంచాడు. గుంటకు ఎడం పక్క గీత గీసి ‘మీ తాత’ అంది, కుడి పక్క ‘నేను’. ఇంట్లో పుట్టి పెరిగిన నలుగురు అన్నదమ్ములకు నాలుగు రకాల ఇళ్లు గుర్తున్నాయని ఆ రాత్రే తెలిసింది.

అసలు విషయం అప్పుడు వచ్చింది. ముందే అనుకున్నారు, నాకు తెలుసు. ‘అమ్మా, ఇంక ఒక్కదానివీ వద్దు. నాలుగు నెలలు హైదరాబాద్, నాలుగు నెలలు వైజాగ్, నాలుగు నెలలు కాకినాడ’ అన్నారు పెదనాన్న. మా నాన్న తల వంచుకున్నాడు. మామ్మ బొగ్గు కింద పెట్టి, ‘నాడె అయితే అటూ ఇటూ తిరుగుతుంది. నేను తిరగలేను’ అంది. ఇప్పుడామె నేయలేదు, పక్క మగ్గం వాళ్లకు కండెలు చుట్టి ఇస్తుంది. ఆ డబ్బు కూరలకు కూడా చాలదు. ఆ మాటే చిన్నాన్న అన్నాడు, కొంచెం గట్టిగానే. ఎవరూ ఏం మాట్లాడలేదు. నేను కూడా. నిజం చెప్పాలంటే నేను చిన్నాన్న పక్షమే. వరదలొస్తే అర్ధరాత్రి హైదరాబాద్ నుంచి ఎంత వేగంగా వస్తే మాత్రం ఏం లాభం?

పొద్దున్న లేచి చూసేసరికి కాటేజీ అబ్బాయి వరండా ఊడ్చేస్తున్నాడు. ‘ఆగు బాబూ’ అని అరిచే లోపే నడవ, నుయ్యి పోయాయి. మగ్గం గుంట మిగిలింది. ఫొటో తీసుకున్నాను.

దిగేటప్పుడు మామ్మ బొంగులు అమ్మే కొట్టు దగ్గర బండి ఆపించింది. చికెన్ కాదు, ఖాళీ బొంగు కావాలంది. అడవిలో కొట్టిన పచ్చి వెదురు ముక్క ఒకటి, ఇరవై రూపాయలకు బేరమాడి కొంది. దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకుంది. కాకినాడలో ఆగి వెళదామని నాన్న అడిగితే, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది.

ఉప్పాడలో దిగగానే గది తాళం తీసి, బొంగును కిటికీ పక్కన నిలబెట్టి, అందులో కండెలు వేయడం మొదలుపెట్టింది. ‘వచ్చే సంక్రాంతికి ఇక్కడే’ అంది మాకేసి చూడకుండా. 27 మందికి ఉప్పాడలో గదులు ఎక్కడ దొరుకుతాయో అప్పటి నుంచీ వెతుకుతున్నాను.