కంచికి పోనన్న కథ

మన ఇళ్లలో కథ ముగిసే తీరు ఒకటి ఉన్నది. రాక్షసుడు చస్తాడు. రాజకుమారునికి పెండ్లి అవుతుంది. అవ్వ ఒకసారి ఆవులించి, ‘కథ కంచికి, మనం ఇంటికి’ అంటుంది. ఆ మాటతో దీపం తగ్గించి పడుకోవలసినదే. కాని ఏ ఇంటనైనా ఆ మాటకు తృప్తిపడని పిల్లవాడు ఒకడు ఉంటాడు. దుప్పటిలోనుంచి తల బయటపెట్టి, ‘తరువాత ఏమైంది?’ అని అడుగుతాడు. రాజకుమారుడు సుఖంగా ఉన్నాడు, సరే. దారి చెప్పిన చిలుక ఏమైనది? ఏడు సముద్రాల అవతలి ఆ దీవిలో ఇప్పుడు ఎవరున్నారు? అవ్వ దగ్గర సమాధానం ఉండదు. ఉన్నా ఆమెకు నిద్ర వస్తూ ఉంటుంది.

ఆ పిల్లవాని ప్రశ్నను మనం అల్లరి క్రింద జమకడతాము. నిజానికి పెద్ద పెద్ద గ్రంథాలు ఆ ప్రశ్న మీదనే నిలిచినవి. మధిర సుబ్బన్నదీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ తెలుగువారు ఎరిగినవే. కాశీకి పోయే మణిసిద్ధునికి దారిలో తోడు కావలసివచ్చింది. తోడు వచ్చిన గోపకుమారుడు కోరినది ధనం కాదు, కథలు. మజిలీ చేరగానే ఏదో ఒక వింత చూసి వస్తాడు. దాని కథ చెప్పమంటాడు. వినేవాడు అడుగుతూ ఉన్నంతకాలం చెప్పేవాడు చెబుతూనే ఉండాలి.

అక్కడ అడిగినవాడు ఒక్కడు. ఒక దేశం పిల్లలంతా కలిసి ఒక రచయితను అట్లా అడిగితే ఏమవుతుంది? ఆ రచయిత ‘ఇక చెప్పను, కథ అయిపోయింది’ అంటే ఏమవుతుంది? ఇది అమెరికాలో నిజంగా జరిగింది. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ తెలుసుకోదగిన వృత్తాంతం.

ఆ రచయిత పేరు ఎల్. ఫ్రాంక్ బామ్. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినాడు. నాటకాలు ఆడినాడు, అంగడి పెట్టినాడు, పత్రిక నడిపినాడు, పింగాణీ పాత్రల బేరగానిగా ఊరూరా తిరిగినాడు. ఏదీ నిలకడగా కలిసిరాలేదు. 44వ ఏట, 1900లో, ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’ అనే పిల్లల పుస్తకం ప్రచురించినాడు. కాన్సాస్ మైదానంలోని డోరతీ అనే బాలికను సుడిగాలి ఇంటితోసహా ఎత్తుకొనిపోయి ఓజ్ అనే వింతదేశంలో పడవేస్తుంది. తెలివి కావాలనే దిష్టిబొమ్మ, హృదయం కావాలనే రేకుమనిషి, ధైర్యం కావాలనే పిరికిసింహం ఆమెకు తోడవుతారు. నలుగురూ కలిసి మరకత నగరంలోని మాంత్రికుణ్ణి ఆశ్రయిస్తారు. ఆ మాంత్రికుడు ఏ మంత్రమూ రాని గారడీవాడని తేలుతుంది. చివరకు అతడు బెలూన్ ఎక్కి ఎగిరిపోతాడు. డోరతీ వెండిచెప్పుల మహిమవల్ల ఇల్లు చేరుతుంది. దిష్టిబొమ్మకు రాజ్యం, సింహానికి అడవి దొరుకుతవి. ఒక్క ముడి కూడా మిగలలేదు. మన లెక్కన అది కంచికి పోయిన కథయే.

బామ్ కూడా అట్లాగే అనుకొన్నాడు. అతని మనస్సులో ఇతర కథలు చాలా ఉన్నవి. వాటిని వ్రాయసాగినాడు. కాని పిల్లల ఉత్తరాలు రావటం ఆగలేదు. దిష్టిబొమ్మ ఎట్లా ఉన్నాడు? రేకుమనిషి ఇప్పుడు ఏమి చేస్తున్నాడు? తనను చూడవచ్చిన ఒక చిన్నపిల్లకు బామ్ ఒక మాట ఇచ్చినాడట. వేయిమంది బాలికలు వేయి ఉత్తరాలు వ్రాస్తే, అప్పుడు ఇంకొక కథ వ్రాస్తానన్నాడు. తప్పించుకోవటానికి పెద్దలు ఇట్లాంటి షరతులు పెట్టడం మామూలే. పిల్లలు షరతు నెరవేర్చినారు. 1904లో ఓజ్ దేశపు రెండవ కథ అచ్చయింది. ఈ విషయం ఆ పుస్తకం ముందుమాటలో అతడే చెప్పుకొన్నాడు.

ఆ రెండవ కథలో డోరతీ లేదు. పిల్లలు ఊరుకొన్నారా? ఆమె ఏదీ అని మళ్లీ ఉత్తరాలు. 1907లో డోరతీ తిరిగివచ్చింది. మరి బెలూన్ ఎక్కి పోయిన మాంత్రికుడో? మోసగాడని తెలిసినా పిల్లలు అతనిని మరచిపోలేదు. 1908లో అతడూ తిరిగి రావలసివచ్చింది. ఆ ఏటి ముందుమాటలో బామ్ తన మనస్సు దాచుకోలేదు. తనకు ఇంకా ఎన్నో కథలు తెలుసుననీ, వాటినీ చెప్పాలని ఉన్నదనీ, పిల్లలు మాత్రం ఓజ్ విడిచి కదలనివ్వటం లేదనీ వాపోయినాడు. ఆ మాటలలో ప్రేమ ఉన్నది, విసుగూ ఉన్నది.

ఇక్కడ పాఠకుడు ఒక్కక్షణం ఆగి ఆలోచించాలి. ఒక మనిషికి పది రకాల వంటలు వచ్చును. విందుకు వచ్చినవారంతా ఒక్క పులిహోరే వడ్డించమంటున్నారు. అది అతనికి గౌరవమూ అవును, బంధనమూ అవును. మనం అభిమానించే రచయితను ‘ఇంకొకటి, అట్లాంటిదే’ అని కోరినప్పుడు, అతడు వ్రాయగలిగిన మరొకదానిని మనమే ఆపివేస్తూ ఉండవచ్చును. అభిమానంలోని ఈ స్వార్థాన్ని మనం సాధారణంగా గుర్తించము.

1910లో బామ్ తెగించినాడు. ఆరవ పుస్తకంలో ఓజ్ కథను శాశ్వతంగా ముగించటానికి పూనుకొన్నాడు. డోరతీ పినతండ్రి బ్యాంకు అప్పు తీర్చలేక పొలం పోగొట్టుకొనే స్థితి వస్తుంది. ఆమె పినతల్లినీ, పినతండ్రినీ వెంటబెట్టుకొని ఓజ్‌కే కాపురం పోతుంది. ఇక కాన్సాస్‌కు తిరిగి వచ్చే పని లేదు. ఆ రోజులలో ఆకాశయానం క్రొత్తగా వచ్చినది. ఎగిరే యంత్రాలు ఎక్కి లోకమంతా ఓజ్ మీదికి వచ్చిపడుతుందేమోనన్న భయంతో, మంచి మంత్రగత్తె గ్లిండా ఆ దేశాన్ని బయటివారి కంటికి కనబడకుండా చేస్తుంది. అక్కడినుంచి ఇక వార్తలు రావని డోరతీ చివరి చీటీ పంపుతుంది. రచయిత తలుపు మూసి, గడియవేసి, తాళం కూడా పెట్టినాడు.

పాత్రను చంపి కథ ముగించిన రచయితలు ఉన్నారు. బామ్ ఎవరినీ చంపలేదు. పిల్లలకు అంత దుఃఖం కలిగించటం అతనికి ఇష్టం లేకపోయినది కాబోలు. కాని చంపని చోట ఆశ మిగులుతుంది. ఓజ్ కనబడకుండా పోయిందే కాని లేకుండా పోలేదు. ఒక్క విషయం గమనించండి. 1939లో వచ్చిన ప్రసిద్ధ చలనచిత్రంలో ఓజ్ అంతా డోరతీ కన్న కల. బామ్ పుస్తకాలలో అది కల కాదు. ఎడారుల నడుమ నిజంగా ఉన్న దేశం. కలలోకి మళ్లీ పంపమని ఎవరూ ఎవరినీ అడుగలేరు. ఉన్న ఊరికి మళ్లీ తీసుకొనిపొమ్మని మాత్రం తప్పక అడుగుతారు.

తాళం పెట్టిన తరువాత బామ్ సముద్రకన్యల కథ ఒకటి, ఆకాశదీవి కథ ఒకటి 1911, 1912లలో ప్రచురించినాడు. ఓజ్‌ను కొన్నంతగా వాటిని ఎవరూ కొనలేదు. అతని ఇబ్బందులు మరొక వైపునుంచి కూడా వచ్చినవి. 1908లో ఓజ్ కథలను రంగుల బొమ్మలతోనూ, చలనచిత్రాలతోనూ తానే వేదికపై నిలిచి ప్రదర్శించినాడు. ఆ ప్రదర్శన అప్పులు మిగిల్చింది. 1911లో దివాలా ప్రకటించవలసివచ్చింది. కాబట్టి అతడు ఓజ్‌కు తిరిగిపోవటానికి పిల్లల ఉత్తరాలే ఏకైక కారణమని చెప్పటం నిజాన్ని తీయబరచటమే అవుతుంది. అప్పులవాండ్లు కూడా తలుపు తట్టినారు. అయితే రెండు రకాల తట్టుళ్లలో అతడు పుస్తకంలో చెప్పుకొన్నది ఒక్కదానినే.

తలుపు తెరుచుకొన్న విధం చక్కనిది. కనబడని దేశంనుంచి కబురు వచ్చేది ఎట్లా? ఉపాయం చెప్పినది ఒక పిల్ల పాఠకుడేనని 1913 నాటి ముందుమాట చెబుతుంది. తీగలేని టెలిగ్రాఫు ఉన్నది కదా, దానిమీద డోరతీతో మాట్లాడరాదా అని అడిగినాడట! రచయిత పెరటిలో ఎత్తైన స్తంభం పాతి, టెలిగ్రాఫు విద్య నేర్చి, ఓజ్‌నుంచి వార్తలు తెప్పించుకొన్నట్లు వ్రాసినాడు. ఏ క్రొత్త యంత్రానికి భయపడి తలుపు మూసినాడో, అటువంటి మరొక క్రొత్త యంత్రంతోనే తలుపు తెరచినాడు. పెద్దవాడు వేసిన తాళానికి చిన్నవాడు తాళంచెవి చేసి ఇచ్చినాడు.

అక్కడినుంచి దాదాపు ఏటికొక పుస్తకం. పిల్లల ఉత్తరాలు అభ్యర్థనలుగానే మిగలలేదు. కథకు విత్తనాలు కూడా అయినవి. ఓజ్ రాణి ఓజ్మా తప్పిపోతే అందరికీ ఎంత దుఃఖం కలుగునోనని ఒక బాలిక అన్న మాటనుంచి 1917 నాటి పుస్తకం పుట్టినది. చివరి సంవత్సరాలలో బామ్ ఆరోగ్యం చెడినది. శస్త్రచికిత్స అయినది. మంచం మీదనుంచే వ్రాసినాడు. 1919 మే నెలలో మరణించినాడు. అతని పదునాలుగవ ఓజ్ పుస్తకం 1920లో, అతడు లేని లోకంలో, అచ్చయినది.

ఇప్పుడైనా కథ కంచికి పోవాలి కదా? పోలేదు. ప్రచురణకర్తలు బామ్ భార్య అనుమతితో ఫిలడెల్ఫియాకు చెందిన రూత్ ప్లమ్లీ థామ్సన్‌ను కుదుర్చుకొన్నారు. చిన్నతనంలో ఆమె కూడా ఓజ్ పాఠకురాలే. 1921లో వచ్చిన ఆమె మొదటి పుస్తకం మీద బామ్ పేరే ముద్రించినారు. పాఠకులు బెదరిపోకూడదని కాబోలు! 1939 వరకు ఆమె 19 పుస్తకాలు వ్రాసినది. బామ్ కంటె ఎక్కువ. తరువాత, 1904నుంచి ఆ కథలకు బొమ్మలు వేస్తున్న జాన్ నీల్ కలం పట్టి మూడు వ్రాసినాడు.

ఆ తరువాత వచ్చినవాని కథ నాకు అన్నిటికంటె ఇష్టం. అతని పేరు జాక్ స్నో. బామ్ చనిపోయిన ఏట అతనికి పన్నెండేళ్లు నిండినవి. ఓజ్ కథలు తాను కొనసాగిస్తానని ఆ ఈడులోనే ప్రచురణకర్తలకు ఉత్తరం వ్రాసినాడట. వారు ఒప్పుకోలేదు, పన్నెండేళ్ల పిల్లవానికి ఎవరు ఒప్పుకొంటారు? పిల్లవాడు పెద్దవాడైనాడు. కోరిక మాత్రం వదలలేదు. 1946లో అదే ప్రచురణసంస్థ అతడు వ్రాసిన ఓజ్ పుస్తకాన్ని అచ్చువేసింది. ఒక బాలుడు అడిగిన ‘తరువాత ఏమైంది?’ అనే ప్రశ్నకు ఇరవైయేడేళ్ల తరువాత అతడే సమాధానం చెప్పినాడు. 1951లో మరొక రచయిత్రి, 1963లో ఒక తల్లీ కూతురూ వ్రాసిన కథలతో ఆ వరుస నలభై పుస్తకాలైనది. అంతకు ముందే, 1957లో, ఓజ్ అభిమానుల సంఘం ఒకటి వెలసినది. దానిని స్థాపించినవాడు పదమూడేళ్ల బాలుడు.

ఆ నలభై పుస్తకాలూ సమానమైనవి కావు. బామ్ స్వయంగా వ్రాసినవాటిలోనూ కొన్ని తొందరలో అల్లినవే. అడిగిన ప్రతి కథా రావటంవల్ల సాహిత్యానికి లాభమే కలుగుతుందని చెప్పలేము. కాని ఈ వృత్తాంతమంతా తరచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పాఠకుని కోరికలో రెండు మెట్లు ఉన్నవి. మొదటిది ‘నాకు ఇంకొకటి ఇవ్వు’ అని చేయి చాచటం. రెండవది ‘ఇట్లా జరిగి ఉంటే?’ అని తానే ఊహించటం. మొదటి మెట్టు మీద నిలిచిపోయినవాడు రచయితను కట్టివేస్తాడు. రెండవ మెట్టు ఎక్కినవాడు టెలిగ్రాఫు ఉపాయం చెప్పిన పిల్లవాడవుతాడు, జాక్ స్నో అవుతాడు. కల్పనాలోకం మొదట కల్పించినవానిదే. కాని అందులో నివసించటం నేర్చినవారికి దానిపై కొంత హక్కు వస్తుంది, కొంత బాధ్యతా వస్తుంది.

ఇది మన తరగతి గదికి దూరమైన విషయం కాదు. మన దేశంలోనూ ‘చందమామ’ ధారావాహికల చివర ‘ఇంకా ఉంది’ అన్న మాట చూసి నెల రోజులు వేళ్లమీద లెక్కపెట్టుకొన్నవారు నేడు తాతలైనారు. దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’ మొదలైనవాటిని వారు మరచిపోలేదు. ఆ నెల రోజుల వ్యవధిలో ఎందరు పిల్లలు తరువాయి భాగాన్ని తమ మనస్సులో వ్రాసుకొన్నారో ఎవరు లెక్కించగలరు?

కావున ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పాఠం చివర ఎవరైనా విద్యార్థి ‘తరువాత ఏమైందండీ?’ అని అడిగితే, ‘పాఠం అంతే, కూర్చో’ అనకండి. ఒక తెల్లకాగితం చేతికివ్వండి. తప్పులు ఉంటవి. అక్షరాలు వంకరపోతవి. చచ్చిన రాక్షసుడు మళ్లీ లేచి వస్తాడు. ఫరవాలేదు. కథను కంచికి పంపటం అవ్వకు చేతనైన పని. అక్కడినుంచి దానిని మళ్లీ ఇంటికి తీసుకొని రావటం ఆ పిల్లవానికి మాత్రమే చేతనవుతుంది.