కనఁబడని ముక్క

తిరుత్తణి, తిరువళ్ళూరు పల్లెలలో మన పులిజూదమును తమిళ సోదరులు ఆడుపులి ఆట్టమందురు. అందు 3 పులులు, 15 మేకలు ఇరువురి కన్నుల యెదుటనే యుండును, దాఁచునదేమియు లేదు. పేకాట యట్లు కాదు. (పందెమును మేము మెచ్చము, పెద్దలు శంకింపవలదు.) 13 ముక్కల రమ్మీలో, పైచేతివాఁడు పాఱవేసిన ముక్కను మనము తీసికొన్నచో మనకు కావలసిన దేదియో వానికి తెలిసిపోవును, ఆపై అట్టి ముక్కను వాఁడు విడువఁడు. మూసిన కట్టనుండి తీసినదాని గుట్టు మనదే. కావున పనికివచ్చు ముక్కనైనను ఒక్కొక్కమాఱు వదలుటయే లాభము. ఆంధ్రప్రదేశ్‌నుండి వచ్చిన యొక వ్యాజ్యెమున 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనవలెను గనుక రమ్మీ ప్రధానముగా నేర్పుతోఁ గూడిన ఆట యనెను. ఐనను ఆటశాలవారు దానివలన లాభము గడించినచో నేరము కావచ్చునని ఆ తీర్పే హెచ్చరించినది.