బస్తరు యాత్ర: ప్రకృతి, సంప్రదాయము, భాష

బస్తరును దర్శింప వచ్చు యాత్రికులలో పెక్కురు మొదట చిత్రకోట జలపాతమునకు పోవుదురు. కలహండి ప్రాంతమున పుట్టిన ఇంద్రావతీనది, జగదల్‌పురమునకు పడమరగా సుమారు 38 కిలోమీటర్ల దూరమున, గుఱ్ఱపులాడము వంటి శిలాతటము మీదుగా దాదాపు 30 మీటర్ల క్రిందికి దుముకుచున్నది. వానకాలమున నీరు ఎఱ్ఱబాఱి తటమంతయు నిండును. వేసవిలో సన్నని పాయలుగా చీలును. ఆ నదియే పడమరకు సాగి గోదావరిలో కలియును. కావున తెలుగువారికి ఈ నీరు పరాయిది కాదు.

చరిత్రయు ఈ చుట్టఱికమునే చాటుచున్నది. బారసూరులో ఛిందక నాగరాజుల నాటి 11వ శతాబ్దపు తెలుగు శాసనము లభించినది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఇచ్చటికి వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. ఆ వంశపు కులదేవత దంతేశ్వరి పేరనే జగదల్‌పురమున 75 దినముల దసరా జరుగుచున్నది. అందు ప్రధానమైనది రావణవధ గాదు, దేవీపూజ. కొయ్యరథమును నిర్మించుట, లాగుట మున్నగు పనులు ఆయా గ్రామములకు, తెగలకు పరంపరగా సంక్రమించినవి.

యాత్రికుడు పొరపడు తావు సంత. అచ్చట వేర్వేరు తెగలవారు ఆర్యభాషయైన హల్బీలో బేరమాడుదురు. దానిని విని అదియే వారందఱి ఇంటిభాష యనుకొనుట సరికాదు. ఇండ్లలో గోండీ మాండలికములు, ధుర్వాల పర్జీ, దక్షిణమున దోర్లాల పలుకు వినబడుచున్నవి. ఇవన్నియు ద్రావిడములే.

తెలుగు 'చెవి'కి గోండీలో 'కెవి', 'చేయి'కి పర్జీలో 'కెయ్' అందురు. తాలవ్యాచ్చుకు ముందున్న ప్రాచీన కకారము తెలుగున చకారమాయెను. ఆ భాషలలో నిలిచినది. తెలుగు శాసనములకంటె ముందటి దశను ఊహించుటకు ఇట్టి మాటలే సాక్ష్యములు. పర్జీపై బరో, భట్టాచార్యుల గ్రంథము 1953లోనే వెలువడినది. అయినను వ్రాతసాహిత్యము స్వల్పమైన భాషకు ఇంటి వాడుకయే ప్రధానాధారము. పిల్లలు హల్బీకిని, పాఠశాలలోని హిందీకిని మరలిన యింట ఆ యాధారము తెగిపోవును.

కావున బస్తరునకు పోవు భాషాపరిశోధకుడు జలపాతమును చూచి మరలిపోరాదు. సంత ముగిసిన పిదప ఊరికి పోయి, వృద్ధుల అనుమతితో, చెట్టు పేరు, చుట్టఱికపు పిలుపు, పండుగపాటలోని పాతమాట వినవలెను. ప్రతి పదమునకును ఊరు, తెగ, పలికినవారి వయస్సు గుర్తింపవలెను. అట్టి సేకరణయే రేపటి వ్యుత్పత్తి నిర్ణయమునకు నమ్మదగిన ఆధారమగును.